పొదుపు ఉంటే అనారోగ్య భత్యం అందదా? బ్రిటన్ పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు పాఠకుల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహానికి సంబంధించినవి. జబ్బు చేసి పని మానవలసి వచ్చినప్పుడు, బ్యాంకులో దాచుకున్న డబ్బో స్వదేశంలో ఉన్న ఆస్తో ప్రభుత్వ సాయానికి అడ్డు వస్తుందా అన్నదే ఆ సందేహం. వాటిలో కొన్నింటిని, రాసినవారి వివరాలు తొలగించి, కుదించి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. ఉద్యోగం మానేశారు. మేమిద్దరం బ్రిటిష్ పౌరులం. అమ్మాయి పెళ్లికని దాచిన 22,000 పౌండ్లు బ్యాంకులో ఉన్నాయి. పదహారు వేలు దాటితే ఏమీ ఇవ్వరని తెలిసినవారు చెప్పడంతో ఇంతవరకు దేనికీ దరఖాస్తు పెట్టలేదు. ఇది నిజమేనా?
– లెస్టర్ పాఠకురాలు

జవాబు: మీకు చెప్పినవారు ఒక భత్యానికి వర్తించే నియమాన్ని అన్నింటికీ అంటగట్టారు. 16,000 పౌండ్ల పరిమితి ఉన్న మాట నిజమే గాని, అది ముఖ్యంగా తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే భత్యానికి సంబంధించినది. మీవారి పరిస్థితిలో ముందుగా ఆలోచించవలసిన రెండు భత్యాలకు పొదుపుతో నిమిత్తమే లేదు.

మొదటిది పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, అందరూ పిప్ అనేది. వైకల్యం వల్ల రోజువారీ పనులు చేసుకోవడంలోను, నడవడంలోను ఎంత ఇబ్బంది ఉందో చూసి ఇచ్చే భత్యం ఇది. మీ దగ్గర 22 వేలు ఉన్నా, రెండు లక్షలు ఉన్నా, మీరు ఉద్యోగం చేస్తూ ఉన్నా ఇందులో తేడా రాదు. ఇబ్బంది మొదలై 3 నెలలు గడిచి ఉండాలి, ఇకముందు కనీసం 9 నెలలు ఉంటుందని తోచాలి. మీవారికి మొదటి షరతు ఎప్పుడో తీరిపోయింది. అయితే పిప్‌ను దరఖాస్తు పెట్టుకున్న తేదీ నుంచే లెక్కిస్తారు తప్ప జబ్బు చేసిన తేదీ నుంచి కాదు. కనుక పోయిన నెలల సొమ్ము ఎలాగూ తిరిగి రాదు, ఈ వారమే ఫోన్ చేసి దరఖాస్తు మొదలుపెట్టండి. స్కాట్లాండ్‌లో ఉంటున్న పాఠకులు దీని బదులు అడల్ట్ డిజెబిలిటీ పేమెంట్‌కు పెట్టుకోవాలి; పొదుపు విషయంలో అక్కడా ఇదే పద్ధతి.

రెండవది న్యూ స్టైల్ ఈఎస్ఏ (ఎంప్లాయ్‌మెంట్ అండ్ సపోర్ట్ అలవెన్స్), జబ్బువల్ల పని చేయలేనివారికి ఇచ్చే భత్యం. ఉద్యోగం చేసిన కాలంలో జీతంలోంచి కోసిన నేషనల్ ఇన్సూరెన్స్ చందాల ఆధారంగా వచ్చేది కాబట్టి దీనికి మీ ఇద్దరి పొదుపును గాని, భార్యగా మీ సంపాదనను గాని చూడరు. కాని దీనిలో ఒక మెలిక ఉంది. గడిచిన రెండు పూర్తి పన్ను సంవత్సరాల్లో తగినన్ని చందాలు ఉన్నాయా అని చూస్తారు గనుక, పని మానేసిన తరువాత ఏళ్లు గడిపేసి వెళితే లెక్కలోకి వచ్చే సంవత్సరాలు ముందుకు జరిగిపోయి, ఇరవై ఏళ్లు చందా కట్టిన మనిషికి కూడా అర్హత లేదనే జవాబు వస్తుంది. మీవారికి ఇంకా ఆ గడువు దాటి ఉండకపోవచ్చు. కంపెనీ ఇచ్చే స్టాట్యుటరీ సిక్ పే గరిష్ఠంగా 28 వారాలు వస్తుంది. అది వస్తున్నంతకాలం ఈఎస్ఏ రాదు గాని, అది ముగియడానికి 3 నెలల ముందునుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆలస్యమైనవారు గడిచిన 3 నెలలకు కూడా ఇమ్మని అడగవచ్చు. వైద్య పరిశీలన తరువాత మీవారిని ‘సపోర్ట్ గ్రూపు’లో చేరిస్తే దీనికి కాలపరిమితి ఉండదు, పనికి సిద్ధపడగలవారి గ్రూపులో చేరిస్తే మాత్రం 365 రోజులతో ఆగిపోతుంది.

యూనివర్సల్ క్రెడిట్ ఒక్కటే మీకు ప్రస్తుతం రాదు. దంపతుల పొదుపును ఒకే లెక్కగా చూస్తారు, ఇద్దరైనందుకు పరిమితిని పెంచరు. భర్త పేర 11 వేలు, భార్య పేర 11 వేలు అని విడదీసి ఉంచినా మొత్తం 22 వేలే. పెళ్లికని దాచామన్నా, ఇంటి మరమ్మతుకని దాచామన్నా ఆ ఉద్దేశాన్ని లెక్కలోకి తీసుకోరు. అయితే ఇంటి ఖర్చులకు వాడుకుంటూ పోగా ఆ మొత్తం 16,000కు దిగిన నాడు మీరు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ప్రశ్న: నాకు యూనివర్సల్ క్రెడిట్ వస్తోంది. ఐసాలో (పన్ను పడని పొదుపు ఖాతా) 7,000, ప్రీమియం బాండ్లలో (వడ్డీకి బదులు లాటరీ బహుమతులిచ్చేవి) 2,100 పౌండ్లు ఉన్నాయి. బాబు పేర జూనియర్ ఐసాలో మరో 3,000 ఉన్నాయి. నా భత్యంలో ఎంత కోస్తారు?
– స్లౌ పాఠకుడు

జవాబు: బాబు పేర ఉన్నది బాబుదే, దాన్ని మీ లెక్కలో కలపరు. మీవి 9,100 పౌండ్లు. మొదటి 6,000 పౌండ్లను వదిలేస్తారు. మిగిలిన 3,100లో ప్రతి 250 పౌండ్లకు, 250 నిండని చివరి ముక్కకు కూడా, నెలకు 4.35 పౌండ్ల చొప్పున మీకు ఆదాయం వస్తున్నట్టు ఊహించి తగ్గిస్తారు. 3,100లో 12 పూర్తి ముక్కలు, నిండని ముక్క ఒకటి, వెరసి 13. కోత నెలకు 56.55 పౌండ్లు. నిజంగా మీకు వచ్చే వడ్డీ ఎంత అన్న దానితో ఈ ఊహకు ఏ సంబంధమూ లేదు, మీ ప్రీమియం బాండ్లకు బహుమతి తగలకపోయినా కోత కోతే. సరిగ్గా 16,000 ఉన్నవారికి ఈ కోత నెలకు 174 పౌండ్లు. ఆపైన ఒక్క పెన్నీ పెరిగినా భత్యం మొత్తం పోతుంది.

ఈ 6,000, 16,000 అంకెలు 2006 నుంచి కదలలేదు. బియ్యం బస్తా మొదలుకొని ఇంటద్దె దాకా ధరలన్నీ పెరుగుతూ వచ్చిన ఇరవై ఏళ్ల పాటు ఒక పరిమితిని అలాగే ఉంచడమంటే, చట్టం మార్చకుండానే దాన్ని ఏటేటా తగ్గిస్తూ రావడమే అని ఈ శీర్షిక రచయిత అభిప్రాయం.

మరొక చిన్న సంగతి. ఈ నెల చేతికి వచ్చిన జీతాన్ని గాని, భత్యాన్ని గాని ఈ నెలలోనే పొదుపుగా లెక్కించరు. ఖర్చు కాగా వచ్చే నెలకు మిగిలినదే పొదుపు అవుతుంది. పిప్ సొమ్ము ఆదాయంగా ఎన్నడూ లెక్కకు రాదు, కాని నెలనెలా ఖర్చు పెట్టకుండా కూడబెడితే అది కూడా పొదుపే. ఒకేసారి చేతికి వచ్చిన పాత బకాయిలకు మాత్రం 12 నెలల మినహాయింపు ఉంది, కాబట్టి ఆ మొత్తాన్ని వేరే ఖాతాలో ఉంచుకుంటే చూపడం సులువు.

ప్రశ్న: నాన్నగారు పోయాక గుంటూరు జిల్లాలో మూడెకరాల మాగాణి నాకూ తమ్ముడికీ వచ్చింది, పంపకాలు కాలేదు, తమ్ముడే సాగు చేసుకుంటున్నాడు. విజయవాడ శివార్లలో 200 గజాల స్థలం నా పేర ఉంది. అమ్మ (72 ఏళ్లు) ఉంటున్న ఇల్లు నేను కట్టించిందే, అదీ నా పేరే. ఎన్.ఆర్.ఈ. ఖాతాలో నాలుగు లక్షల ఎఫ్.డి., ఒక ఎల్.ఐ.సి. పాలసీ ఉన్నాయి. వెన్నెముక ఆపరేషన్ తరువాత పనికి వెళ్లలేకపోతున్నాను. ఇక్కడ నా ఖాతాలో 1,500 పౌండ్లే ఉన్నాయి. యూనివర్సల్ క్రెడిట్ దరఖాస్తులో ఇండియా ఆస్తులు చూపాలా?
– మిల్టన్ కీన్స్ పాఠకుడు

జవాబు: చూపాలి. ఆస్తి ఏ దేశంలో ఉన్నా యూనివర్సల్ క్రెడిట్ నిబంధనల ప్రకారం అది మీ ఆస్తే. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పెన్షన్లకు ఎన్ని ఎకరాలు ఉన్నాయి, కారు ఉందా, కరెంటు ఎన్ని యూనిట్లు కాలుతోంది అని అడుగుతారు గాని బ్యాంకులో నిల్వ ఎంత అని అడగరు. ఆ అలవాటుతో ఇక్కడి దరఖాస్తు నింపి చిక్కుల్లో పడేవారు ఉన్నారు. అయితే చూపించిన ప్రతిదాన్నీ లెక్కలో కలపరు. మీవి ఒక్కొక్కటిగా చూద్దాం.

అమ్మగారి ఇల్లు మినహాయింపులోకి వస్తుంది. దగ్గరి బంధువు తన నివాసంగా ఉంటున్న ఇల్లు, ఆ బంధువు బ్రిటన్ పెన్షన్ వయసు దాటినవారో, పని చేయలేని ఆరోగ్య స్థితిలో ఉన్నవారో అయితే, లెక్కకు రాదని నిబంధన చెబుతోంది. తల్లి, తండ్రి, అత్తమామలు, తోబుట్టువులు ఈ దగ్గరి బంధువుల జాబితాలో ఉన్నారు. అమ్మగారి వయసుకు, ఆ చిరునామాలో ఉంటున్నందుకు రుజువుగా ఆధార్, కరెంటు బిల్లు వంటివి దగ్గర పెట్టుకోండి.

ఎల్.ఐ.సి. పాలసీ విలువనూ చూడరు. అది గడువు తీరి సొమ్ము చేతికి వచ్చిన రోజు నుంచి మాత్రం ఆ సొమ్ము పొదుపు అవుతుంది. ఎఫ్.డి. పూర్తిగా లెక్కకు వస్తుంది. రూపాయలను పౌండ్లలోకి మార్చడానికి బ్యాంకు తీసుకునే రుసుము తగ్గించి మిగిలినదాన్ని చూస్తారు.

పొలం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఉమ్మడి ఆస్తిలో వాటాల గురించి వేరే ఆధారం లేకపోతే అందరివీ సమాన వాటాలనుకుంటారు. ఇక్కడ మీరు ముందుగా తేల్చుకోవలసింది ఆ భూమికి నిజంగా ఇద్దరే వారసులా అన్నది. నాన్నగారు వీలునామా రాయకపోతే అమ్మగారికి వాటా ఉంటుంది. అక్కచెల్లెళ్లు ఉంటే, వారు హక్కు వదులుకుంటూ పత్రం రాసి ఇవ్వనంతవరకు వారికీ ఉంటుంది. పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చిన 2005 సవరణ తరువాత ఈ విషయంలో సందేహానికి తావు లేదు. పాసుపుస్తకంలో మీ అన్నదమ్ముల పేర్లే ఉన్నంత మాత్రాన సగం మీదని మీరే ఒప్పేసుకుంటే, లేని ఆస్తిని ఉన్నట్టు రాసుకున్నవారవుతారు. పైగా లెక్క కట్టవలసింది మొత్తం పొలం ధరలో భాగాన్ని కాదు, పంపకం కాని మీ వాటాను విడిగా అమ్మజూపితే కొనేవాడు ఎంత ఇస్తాడో ఆ ధరను. తమ్ముడు సాగు చేస్తున్న, హద్దులు తేలని ఎకరాన్ని బయటివాడు పూర్తి ధర పెట్టి కొనడని మనకందరికీ తెలుసు. వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమిని ప్రవాస భారతీయులు భారతదేశంలో నివసించే భారత పౌరులకే అమ్మగలరన్న నియమం కూడా ఉంది. ఇవన్నీ రాసి, స్థానికంగా విలువ కట్టేవారి చేత ఒక ధ్రువపత్రం తీసుకుని జతచేయండి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయపు విలువ సరిపోతుందని కొందరు అనుకుంటారు. నిబంధన అడిగేది మార్కెట్ విలువను. ఆ విలువలోంచి అమ్మకానికి ఖర్చులయ్యే ఆస్తి అయితే 10 శాతాన్ని, ఆ ఆస్తి తనఖాపై అప్పు ఉంటే ఆ అప్పును తీసివేస్తారు.

ఇక మిగిలింది విజయవాడ స్థలం. మీ దరఖాస్తుకు అసలు అడ్డంకి అదే. గజం 15,000 రూపాయలే అనుకున్నా 30 లక్షలు. 10 శాతం తీసివేస్తే 27 లక్షలు. పౌండుకు 120 రూపాయల చొప్పున చూస్తే 22,500 పౌండ్లు. ఎఫ్.డి.ని, పొలాన్ని పక్కన పెట్టినా పరిమితి దాటిపోయింది. మీరు దాన్ని నిజంగా అమ్మడానికి తగిన ప్రయత్నాలు మొదలుపెట్టి ఉంటే, ఆ ప్రయత్నం మొదలైన నాటి నుంచి 6 నెలల పాటు, తగిన కారణం చూపితే ఇంకొంతకాలం, ఆ విలువను పక్కన పెట్టే వెసులుబాటు ఉంది. అమ్మిన తరువాత చేతికి వచ్చే సొమ్ము మళ్లీ పొదుపే. కనుక స్థలాన్ని నిలుపుకోవాలనుకుంటే యూనివర్సల్ క్రెడిట్ మీద ఆశ పెట్టుకోకుండా, పైన లెస్టర్ పాఠకురాలికి చెప్పినట్టు న్యూ స్టైల్ ఈఎస్ఏకు, పిప్‌కు వెళ్లండి. వాటి దరఖాస్తుల్లో ఈ ఆస్తుల ప్రసక్తే రాదు.

ప్రశ్న: ఇండియాలో ఉన్న ప్లాటును చెల్లెలి పేర గిఫ్ట్ డీడ్ రాసేసి, ఆ తరువాత దరఖాస్తు పెడితే సరిపోదా? మా బావగారికి 5,000 పౌండ్లు బాకీ ఉన్నాను, అది ఇప్పుడు తీర్చినా తప్పు పడతారా?
– హౌన్‌స్లో పాఠకుడు

జవాబు: రెండింటికీ రెండు వేరు జవాబులు. భత్యం రావడం కోసమో, ఎక్కువ రావడం కోసమో ఆస్తిని వదిలించుకున్నారని అధికారులు నిర్ధారిస్తే, ఆ ఆస్తి ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కిస్తారు. అప్పుడు ప్లాటూ పోతుంది, భత్యమూ రాదు. మీకు జబ్బు చేసిన తరువాత, దరఖాస్తుకు ముందు రిజిస్టరైన గిఫ్ట్ డీడ్‌కు వేరే కారణం చూపడం చాలా కష్టం. ఇలా ఉన్నట్టు ఊహించిన ఆస్తి శాశ్వతంగా మీ నెత్తిన ఉండదు. మీకు రావలసి ఉండి రాకుండా పోయిన భత్యం ఎంతో అంత చొప్పున ఆ ఊహా మొత్తాన్ని నెలనెలా తగ్గిస్తూ వస్తారు. కాని అది కరిగేదాకా మీ కుటుంబం దేనితో బతకాలన్నది మీరే ఆలోచించుకోవాలి. చెల్లెలికి పెళ్లినాడే మాట ఇచ్చిన స్థలమని అనేవారుంటారు. ఆ మాటకు అప్పటి కాగితమేదైనా ఉంటే చూపండి, లేకపోతే ఈ పని చేయవద్దు.

బాకీ తీర్చడాన్ని మాత్రం ఆస్తి వదిలించుకోవడంగా చూడకూడదని యూనివర్సల్ క్రెడిట్ నిబంధనల్లోనే ఉంది. మీ పరిస్థితికి తగిన వస్తువులు, సేవలు కొనుక్కోవడం కూడా అంతే. చక్రాల కుర్చీయో, పాడైన బాయిలరు స్థానంలో కొత్తదో కొంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. బావగారు అప్పట్లో మీ ఖాతాకు పంపిన సొమ్ము, మీరిప్పుడు తిరిగి పంపుతున్న సొమ్ము రెండూ బ్యాంకు స్టేట్‌మెంటులో కనబడేలా చూసుకోండి. చేతిబదులుగా నోట్లు తీసుకుని నోట్లు ఇచ్చిన లావాదేవీని నిరూపించడం దుర్లభం.

ప్రశ్న: మా అత్తగారు రిటైరైనప్పుడు వచ్చిన 8,000 పౌండ్ల విలువైన సొమ్మును నా ఖాతాలో వేశారు. నా పెళ్లినాటి బంగారం కూడా ఉంది. ఇవి నా పొదుపేనా?
– రెడింగ్ పాఠకురాలు

జవాబు: ఒంటిమీద పెట్టుకునే నగలు సొంత వస్తువుల కిందికి వస్తాయి, వాటిని లెక్కించరు. పొదుపును తగ్గించి చూపడానికే ఇప్పుడు కొత్తగా కొన్న నగలైతే వేరే మాట. గోల్డ్ బాండ్లు, బంగారు ఫండ్లు మాత్రం పెట్టుబడి పత్రాలే.

అత్తగారి సొమ్ము విషయంలో ఖాతా ఎవరి పేర ఉందన్నది కాదు, డబ్బు నిజానికి ఎవరిదన్నది ప్రశ్న. ఆవిడ రిటైర్మెంటు ఉత్తర్వు, ఆవిడ ఖాతానుంచి మీ ఖాతాకు బదిలీ అయిన రుజువు, మీ దగ్గర దాచమని ఇచ్చినట్టు ఆవిడ రాసిన ఉత్తరం ఉంటే అది మీది కాదని వాదించవచ్చు. అందులోంచి మీరు సొంత ఖర్చులకు వాడుతూ ఉంటే ఆ వాదన నిలవదు. వీలైతే ఆవిడ ఖాతాకే తిరిగి పంపేయండి, పంపిన కారణం మీ యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ జర్నల్‌లో ముందే రాయండి.

ప్రశ్న: నేను స్కిల్డ్ వర్కర్ వీసాపై కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. కీళ్లవాతం వల్ల పని చేయలేకపోతున్నాను. నా దగ్గర పొదుపు ఏమీ లేదు. యూనివర్సల్ క్రెడిట్ వస్తుందా?
– బర్మింగ్‌హామ్ పాఠకురాలు

జవాబు: రాదు. మీ వీసాపై ప్రభుత్వ నిధుల సాయం పొందరాదన్న షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్, పిప్, జబ్బుపడినవారిని చూసుకునేవారికిచ్చే కేరర్స్ అలవెన్స్ అన్నీ ఆ నిధుల్లోకే వస్తాయి. పొదుపు సున్నా అయినా ఇదే జవాబు. తెలియక దరఖాస్తు పెట్టుకుంటే వీసాకే ముప్పు రావచ్చు. స్టాట్యుటరీ సిక్ పే, న్యూ స్టైల్ ఈఎస్ఏ మాత్రం ఆ జాబితాలో లేవు. చందాలు సరిపోతే వాటిని నిర్భయంగా అడగండి. జబ్బువల్ల ఉద్యోగమే పోయే పరిస్థితి ఉంటే ముందు వలస వ్యవహారాల న్యాయవాదిని కలవండి, ఎందుకంటే స్కిల్డ్ వర్కర్ వీసా ఆ ఉద్యోగంతో ముడిపడినది. పాఠకుల్లో భర్తకో భార్యకో శాశ్వత నివాసం ఉండి, రెండోవారు వీసాపై ఉన్న జంటలకు ఒక మాట: శాశ్వత నివాసం ఉన్నవారు ఒంటరిగా దరఖాస్తు పెట్టుకున్నా, రెండోవారి పొదుపును కూడా కలిపే 16,000 లెక్క చూస్తారు.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు, ఒంటరిని, బ్రిటిష్ పౌరుడిని. పార్కిన్సన్స్ వచ్చింది. 14,200 పౌండ్లు దాచుకున్నాను. నాకు వర్తించేవి ఏవి?
– కార్డిఫ్ పాఠకుడు

జవాబు: పిప్ కొత్తగా పెట్టుకునే వయసు మీకు దాటింది. మీకున్నది అటెండెన్స్ అలవెన్స్, అంటే పెన్షన్ వయసు దాటి, వైకల్యం వల్ల ఇతరుల సాయం అవసరమైనవారికి ఇచ్చే భత్యం. దీనికీ పొదుపుతో పని లేదు. ఆదాయం తక్కువైతే, అలాంటి పెన్షన్ వయసువారికి ఇచ్చే పెన్షన్ క్రెడిట్‌కు కూడా పెట్టుకోండి. అక్కడి లెక్క యూనివర్సల్ క్రెడిట్ కంటే చాలా ఉదారమైనది: 10,000 పౌండ్ల వరకు వదిలేస్తారు, ఆపైన ప్రతి 500కు గాని దానిలో భాగానికి గాని వారానికి ఒక పౌండు ఆదాయం ఉన్నట్టు చూస్తారు, గరిష్ఠ పరిమితి అంటూ లేదు. మీ 14,200కు వారానికి 9 పౌండ్లు. అటెండెన్స్ అలవెన్స్ మంజూరైతే, ఒంటరిగా ఉంటున్నవారికి పెన్షన్ క్రెడిట్ మొత్తం పెరిగే అవకాశం కూడా ఉంది కాబట్టి ముందు అటెండెన్స్ అలవెన్స్‌కే వెళ్లండి. దంపతుల్లో ఒకరు పెన్షన్ వయసుకు రాకపోతే మాత్రం, 2019 మే నుంచి, కొత్తగా పెట్టుకునేవారిని యూనివర్సల్ క్రెడిట్‌కే పంపుతున్నారు. అక్కడ మళ్లీ 16,000 గీత ఉంటుంది.

ప్రశ్న: ఇండియా ఖాతా గురించి చెప్పకపోతే ఇక్కడివారికి ఎలా తెలుస్తుంది? చెప్పడం మరచిపోయినవారు ఇప్పుడు ఏం చేయాలి?
– పేరు, ఊరు రాయని పాఠకుడు

జవాబు: భారతదేశం, బ్రిటన్ రెండూ బ్యాంకు ఖాతాల సమాచారాన్ని పన్ను అధికారుల మధ్య ఏటా మార్చుకునే అంతర్జాతీయ ఏర్పాటులో ఉన్నాయి. ఎన్.ఆర్.ఈ. ఖాతా తెరిచేటప్పుడు మీరు ఏ దేశంలో పన్ను కడుతున్నారని బ్యాంకువారు అడిగి రాయించుకునేది అందుకే. దాచితే, ఎక్కువగా తీసుకున్న మొత్తాన్ని వెనక్కి వసూలు చేస్తారు, జరిమానా వేస్తారు, ఉద్దేశపూర్వకమని తేలితే నేరం కింద విచారిస్తారు. తానుగా ముందుకు వచ్చి చెప్పినవారి పరిస్థితి, పట్టుబడినవారి పరిస్థితి ఒకటిగా ఉండవు. ఈ రోజే జర్నల్‌లో ఖాతా వివరాలు, అది తెరిచిన తేదీ, నెలవారీ నిల్వలు రాయండి. వారు వసూలు చేయదలచిన మొత్తం తప్పుగా తోస్తే, నిర్ణయం తేదీ నుంచి ఒక నెల లోపు పునఃపరిశీలన కోరవచ్చు, అక్కడా తేలకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఈ కాగితాలు రాయడంలో సిటిజన్స్ అడ్వైస్ కార్యాలయాలు డబ్బు తీసుకోకుండా సాయం చేస్తాయి. ఇంగ్లీషులో ఇబ్బంది ఉంటే దుబాసీని ఏర్పాటు చేయగలరా అని ముందే అడగండి.